పది నిమిషాల అనుమతి

దయ్యాలు, ఆత్మలు అనే మాటలకు మా ఇంట్లో చోటు లేదు. దీపం పెట్టుకునే ఇంట్లో వాటి ఊసెందుకని మా అమ్మ అనేది. నేనూ అలాగే పెరిగాను, ఇప్పటికీ అలాగే ఉన్నాను. అయినా నందిగామలో నేను పనిచేసే ఆఫీసులో జరిగిన ఒక సంగతి మాత్రం నాకు అంతు చిక్కకుండా ఉండిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేట. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి బడికి పోలేకపోయాను. అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదివించింది. ప్రైవేటుగా పరీక్షలు రాసి, టైపు నేర్చుకుని, దేవుడి దయవల్ల నందిగామలో ఒక లాయరు గారి దగ్గర పనికి కుదిరాను. రోజూ బస్సులో వచ్చి పోతాను.

అక్కడ గుమాస్తా శేషయ్య గారు. అరవై దాటిన మనిషి. నన్ను సొంత కూతురిలా చూశారు. కంప్యూటర్ పని నేర్పింది ఆయనే.

ఆ ఆఫీసు పద్ధతి ఇలా ఉండేది. కోర్టులో వాయిదా పడగానే జూనియర్ లాయరమ్మ ఆ తేదీని ఫోన్ నుంచి మెయిల్ చేసేది. శేషయ్య గారు ఆ మెయిల్ చూసి క్యాలెండర్‌లో ఎక్కించేవారు. వాయిదా రోజున కాదు, దానికి ముందు రోజున. పక్కనే కక్షిదారు పేరు, ఊరు రాసి, ప్రతిసారీ ఒకే మాట చేర్చేవారు: "ఫోన్ చెయ్యాలి. అన్నం తిని రమ్మనాలి." కోర్టులో పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటుతుంది, పల్లె నుంచి వచ్చిన వాళ్ళు ఆకలికి కళ్ళు తిరిగి పడిపోతారని ఆయన భయం.

కేసుల జాబితా చూపించే సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. అది రోజూ పొద్దున ఆ క్యాలెండర్‌లోకి వెళ్ళి తేదీలు తెచ్చుకుంటుంది. అప్పుడు తెర మీద ఒక చిన్న పెట్టె వస్తుంది. వేరే ప్రోగ్రాం మీ మెయిల్, క్యాలెండర్ చూడాలనుకుంటోంది, అనుమతిస్తారా అని అడుగుతుంది. ఒక నిమిషమా, ఐదా, పదా అని కూడా అడుగుతుంది.

శేషయ్య గారు ఎప్పుడూ పదే ఇచ్చేవారు. ఒక్క నిమిషం చాలదా బాబాయ్ గారూ అని ఒకసారి అడిగాను.

"గుమ్మంలోకొచ్చినోణ్ణి ఒక్క నిమిషంలో పంపేస్తామా అమ్మాయ్? మంచినీళ్ళన్నా తాగనీ" అన్నారు.

ఒక గురువారం పొద్దున ఆయన ఇంట్లోనే గుండె ఆగి పోయారు. ఆ పైవారం నుంచి ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఒకరికి వచ్చిన ఉత్తరాలు మరొకరు చదవకూడదని అమ్మ నేర్పింది. ఆ మెయిల్ శేషయ్య గారి పేరు మీద ఉంది. పోయిన మనిషి ఉత్తరాలు నేనెలా తెరుస్తాను? తెరవలేదు. పొద్దున ఆ పెట్టె వచ్చినప్పుడల్లా వద్దు అని నొక్కాను. ఎవరో దొంగతనంగా ఆయన కాగితాలు చూడబోతుంటే ఆపుతున్నానని అనుకున్నాను. ఆ అనుమతితోనే జాబితాలోకి కొత్త తేదీలు వస్తాయని, అది పాతదే నిలిచిపోయిందని నాకు అప్పుడు తెలియదు. లాయరు గారు వాయిదాల డైరీ రాయడం ఎప్పుడో మానేశారు. జూనియర్ అమ్మాయి ఈలోగా విజయవాడ మారిపోయింది.

మూడు వారాలు అలాగే గడిచాయి.

ఒక సోమవారం నేను తాళం తీసి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, ప్లగ్గు పెట్టి కంప్యూటర్ వేశాను. పెట్టె వచ్చింది. మామూలుగా ఏ గడిలోనూ టిక్కు ఉండదు. ఆరోజు పది నిమిషాల మీద టిక్కు పడి ఉంది. నేను మౌస్ మీద చెయ్యి వేసేలోగానే పెట్టె మూసుకుపోయింది. జాబితా కదిలి, పైన ఒక కొత్త వరస వచ్చింది.

మంగమ్మ, చెవిటికల్లు. రేపు వాయిదా. ఫోన్ చెయ్యాలి. అన్నం తిని రమ్మనాలి.

మంగమ్మ భర్త లేని మనిషి. ఏటి ఒడ్డున ఉన్న ఎకరం పొలాన్ని పక్క పొలం వాళ్ళు కలిపేసుకుంటే కేసు వేసింది. అంతకుముందు జ్వరం వచ్చి ఒక వాయిదాకు రాలేకపోయింది. ఈసారి సాక్ష్యానికి రాకపోతే కేసు కొట్టేస్తామని జడ్జి గారు చెప్పి ఉన్నారు. ఆ ఎకరం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

వెంటనే ఫోన్ చేశాను. తేదీ తనకు ఎవరూ చెప్పలేదంది. అన్నం తిని రమ్మని కూడా చెప్పాను.

"మా గుమాస్తా గారి మాటే చెప్తున్నావు తల్లీ" అంది.

తరువాత లాయరు గారి అనుమతితో మెయిల్ తెరిచాను. జూనియర్ అమ్మాయి అలవాటుగా ఆయన మెయిల్‌కే పంపిన తేదీ అందులో ఉంది. శేషయ్య గారు పోయిన తొమ్మిదో రోజున వచ్చింది. ఎవరూ తెరవలేదు. ఆ తేదీ ఆయనకు తెలిసే వీలే లేదు.

క్యాలెండర్‌లో ఆ వరస ఎప్పుడు ఎక్కిందో చూశాను. ముందురోజు ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. ఆదివారం ఆఫీసుకు తాళం. శనివారం ప్లగ్గు ఊడదీసింది నేనే. రెండో తాళంచెవి లాయరు గారిది, ఆయన ఆరోజంతా కీసరలో చుట్టాల పెళ్ళిలో ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ పెట్టినాయన్ని పిలిపించాం. ఆయన గంటసేపు చూశాడు. కంప్యూటర్ గడియారం సరిగానే ఉంది. శేషయ్య గారి మెయిల్, క్యాలెండర్ ఏ ఫోన్‌లోనూ లేవు, ఆ ఒక్క మెషీన్‌లోనే ఉన్నాయి.

"మా ప్రోగ్రాం చూడ్డమే అండి, రాయడం దానికి రాదు. పోనీ రాసిందే అనుకుందాం, అన్నం సంగతి దానికెవరు చెప్పారండి?" అన్నాడు. డబ్బు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

మంగళవారం మంగమ్మ వచ్చింది. మూడు గంటలకు పిలిచారు. గంటకు పైగా నిలబెట్టి అడిగారు, ఒక్క మాట తడబడలేదు. కేసు నిలబడింది.

బయటికొచ్చాక చేతిసంచీ నాకు చూపించింది. అందులో దోసకాయలు ఉన్నాయి.

"శేషయ్య గారికి తెచ్చా. ఏరమ్మా, కనపడరే?"

ఆయన పోయిన సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పాను. తరువాత ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళి, దోసకాయలు ఆయన భార్య చేతికిచ్చి వచ్చాం.

ఇది జరిగి ఏడాది దాటింది. ఎవరు రాశారో, ఎవరు అనుమతి ఇచ్చారో నాకు ఈనాటికీ తెలియదు. భయం వేసిందా అంటే వేయలేదు. నా తప్పు ఒక పేదరాలి మీద పడకుండా ఆగినందుకు రోజూ దండం పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు మెయిళ్ళన్నీ నేనే చదువుతాను. తేదీలు ముందు రోజునే ఎక్కిస్తాను, అన్నం మాటతో సహా. పొద్దున పెట్టె వచ్చి అడిగితే పది నిమిషాలు ఇస్తాను. ఆ టిక్కు మళ్ళీ ఎప్పుడూ తనంతట తాను పడలేదు. అయినా నొక్కే ముందు ఒక్క క్షణం ఆగుతాను.