సరంగు అచ్చిబాబు నీళ్ల సీసా

సముద్రపు పాయ దాటించే బాంబూఫ్లాట్ ఫెర్రీని ముప్పై ఏళ్లు నడిపిన సరంగు అచ్చిబాబు డ్యూటీలో చుక్క నీళ్లు ముట్టేవాడు కాదు. తాగితే ఒంటేలుకు పోవాలి, పోతే చుక్కాని వదలాలి. జనంతో నిండిన బోటును వదిలేసి పోయేవాడు సరంగేమిటని ఆయన వాదన. పైగా అదొక గొప్ప. తన కింద పనిచేసిన వాళ్లందరికీ అదే నూరిపోశాడు.

సునామీ రోజు పొద్దున్నే నేల ఊగింది, జెట్టీ దగ్గర నీళ్లు వెనక్కి లాగాయి. ఒడ్డుకు తిప్పమని బోటులో జనం గోలపెట్టారు. అచ్చిబాబు వింటేగా. అల విరిగేది ఒడ్డు దగ్గరేనని లోతుకు తిప్పి, సాయంత్రం దాకా అక్కడే ఉంచి, అందరినీ ప్రాణాలతో దించాడు. ఆ రోజు చుక్కానితో పెనుగులాడిన భుజం మళ్లీ మామూలు కాలేదు. సహాయ శిబిరంలో ఇచ్చిన నొప్పి బిళ్లలు బాగా పనిచేశాయని, శిబిరం ఎత్తేశాక కూడా అవే కొనుక్కుని పదేళ్లు మింగాడు. డాక్టరును అడగాలని ఎవరికీ తోచలేదు.

అరవై ఎనిమిదో ఏట గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు ఆయన కూతురు ఝాన్సీలక్ష్మిని తలుపు బయటికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

“కిడ్నీలు మూడోవంతే పనిచేస్తున్నాయమ్మా. ఈ వయసులో, ఈ కిడ్నీలతో గుండెపోటంటే గండం ఎక్కువ. మూసుకుపోయిన గుండె నాళం తెరవాలంటే, అది కనబడేందుకు రంగుమందు ఎక్కించాలి. దాంతో కిడ్నీలు పూర్తిగా పోవచ్చు. మందులతో నెట్టుకొద్దాం.”

ఝాన్సీ కళ్లు తుడుచుకుంటూ తలూపింది. లోపల అచ్చిబాబుకు అంతా వినబడింది. భయం వేసింది, అంతకంటే ఎక్కువ ఒళ్లు మండింది.

“డాక్టర్ సాబ్, ఇలా రండి. ఒళ్లు నాదా, దానిదా? నాతో సెప్పండి. తెరవకపోతే ఏటవుద్ది?”

“మళ్లీ పోటు రావచ్చు. కానీ మీ వయసు వాళ్లకు, ఈ కిడ్నీలతో...”

“ముసిలోడినని మానీకండి. సునామీ పొద్దు ఒడ్డుకు తిప్పమని అందరూ అన్నారు. తిప్పుంటే అప్పుడే పోదును. లోతుకే తిప్పండి సాబ్, నాళం తెరవండి. సంతకం నాను పెడతాను.”

“నాన్నా, వద్దు.”

“నువ్వూరుకో బేటీ.”

డాక్టరు సంతకానికి కాగితం తెప్పించాడు. బిళ్లల సంగతీ నీళ్ల సంగతీ ఆరా తీసి, కిడ్నీలను తినేసింది అవేనని చడామడా తిట్టి, ముందుగా సెలైన్ ఎక్కించి, రంగుమందు వీలైనంత తక్కువ వాడి నాళం తెరిచాడు. తర్వాత మూడు రోజులు మూత్రం దాదాపు ఆగిపోయింది. ఝాన్సీ అన్నం ముట్టలేదు. నాలుగో రోజున మళ్లీ రావడం మొదలైంది. కిడ్నీలు బాగుపడలేదు గానీ, ఉన్నంతలో నిలిచాయి. గుండె కుదుటపడింది.

రెండు నెలలకు అచ్చిబాబు చేతిలో నీళ్ల సీసాతో ఫెర్రీ ఎక్కి, నేరుగా చుక్కాని గదికి పోయాడు. అక్కడ సరంగు దానయ్య, ఒకప్పటి ఆయన శిష్యుడు. ఇప్పుడు అతనికీ జుట్టు నెరిసింది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“పొద్దున్నించి నీళ్లు తాగినావా?”

“డ్యూటీలోనా గురూ? నువ్వే కదా వద్దని నేర్పినావు.”

 ఆసుపత్రిలో డాక్టరు తిట్టినప్పుడు కూడా అచ్చిబాబుకు అంత సిగ్గు వెయ్యలేదు. సీసా మూత తీసి దానయ్య చేతిలో పెట్టి, చుక్కాని అందుకున్నాడు.

“తప్పు నేర్పినాను. తాగు.”

“రిటైరైనోడు పట్టుకోకూడదు గురూ. రూలు ఒప్పుకోదు.”

“రూలును నాతో మాట్లాడమను. నువ్వు తాగి, ఒంటేలుకు పోయి రా.”