ఐసు చేతులు

మా అక్క సీతాలు మొగుడు వీర్రాజు బావకి రెండే పిచ్చులు. ఒకటి ఐసు, రెండోది సైకిలు. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు పగలగొట్టి బోట్లలోకి ఎత్తే పని అతనిది. పెళ్లికి ముందునుంచీ అదే పని. చలికాలం రాగానే నాలుగు రోజులు పని మానేసి, సైకిలెక్కి ఒక్కడే ఎటో పోయేవాడు. ఒక ఏడు అరసవిల్లి, ఒక ఏడు అన్నవరం. నేను తోడొస్తానంటే, "నువ్వొత్తే నీ మాటలు కూడా మొయ్యాలి బామ్మర్దీ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

తొంభై ఏడులో వెళ్లినదానికి మాత్రం ఒక కారణం ఉంది. బావ వేళ్లకి స్పర్శ పోతోందని అక్క పట్టుబట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన సూదితో గుచ్చి, తెలుస్తోందా అని అడిగాడు.

"తెలుత్తంది" అన్నాడు బావ.

"సూసి సెప్తన్నాడు బాబూ, తెలిసి కాదు" అంది అక్క.

డాక్టరు ఐసు పని మానెయ్యమన్నాడు. ఇంటికొచ్చాక పెద్ద రభస. చివరికి బావే పందెం కట్టాడు. "అరకు ఘాటీ ఎక్కి దిగుతాను. బ్రేకు పట్టిందా, నా సేతులు బాగున్నట్టే, పని మాన్ను. పట్టనేదా, నువ్వు సెప్పినట్టే ఇంటాను." అక్క సరేనంది. మొగుడూ పెళ్లాలిద్దరికీ మతి పోయిందనుకున్నాను.

మొదటి రోజు శృంగవరపుకోటదాకా తొక్కి, రెండో రోజు తెల్లారకముందే అక్కడినుంచి బయల్దేరాడు. ఒంటిమీద చొక్కా, మెడకి తువ్వాలు, అంతే. ఐసులో బతికినవాడికి స్వెట్టరెందుకని ధీమా. ఘాటీ మొదలయ్యేసరికి ముందు చక్రం కూడా సరిగా కనబడనంత మంచు కమ్మేసింది. కొంత తొక్కుతూ, కొంత నెట్టుకుంటూ కాఫీ తోటలు దాటాడు. "ఏటనిపించింది బావా?" అని తర్వాత అడిగాను. "ఏటీ అనిపించనేదు" అన్నాడు. భయం లేదు, సంతోషం లేదు, ఆకలి కూడా లేదు. కాళ్లు వాటి మానాన అవి తొక్కుతుంటే తాను ఊరికే కూర్చున్నాడట.

పైకి చేరాక చేశాడు అసలైన తెలివితక్కువ పని. హార్బర్‌లో ఐసు ఎత్తేవాళ్లు చేతులు కొయ్యబారితే మెట్లు దిగి సముద్రంలో ముంచుతారు. ఐసు పట్టిన చేతికి ఆ ఉప్పునీళ్లే గోరువెచ్చగా ఉంటాయి, కాసేపటికి వేళ్లు కదులుతాయి. బావకి తెలిసిన వైద్యం అదొక్కటే. దారి పక్కన గెడ్డ పారుతుంటే సైకిలాపి మోచేతులదాకా ముంచేశాడు. అవి కొండనీళ్లు. ఎంత చల్లగా ఉన్నాయో కూడా అతనికి తెలియలేదు.

ఆ తడి చేతులతోనే దిగుడు మొదలుపెట్టాడు. ఈదురుగాలి ఎదురుకొట్టింది. ఒక మలుపులో బస్సు హారను వినిపించింది. బ్రేకు నొక్కాననే అనుకున్నాడు, సైకిలు ఆగలేదు. చూస్తే వేళ్లు బ్రేకు మీదే ఉన్నాయి, ఊరికే. మోచేతులతో హ్యాండిల్ని కొండవైపు తోసి తుప్పల్లో పడ్డాడు. బస్సు వెళ్లిపోయింది. మోకాలు చీరుకుపోయింది. లేచి, మిగతా దిగుడంతా సైకిలు పక్కన నడిచాడు.

ఘాటీ దిగాక ఒక ఊరి మొదట్లో టీ కొట్టు కనబడింది. కొట్టు ముసలమ్మ గాజుగ్లాసు ఇస్తూ అంచు పట్టుకోమంది. బావ రెండు అరచేతులతో ఒడిసి పట్టుకున్నాడు. "సేతులు కాల్తన్నాయి బాబూ!" అని ఆమె అరిచి గ్లాసు లాగేసుకుంది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. బావ వాటిని వేరెవరివో అన్నట్టు చూసుకున్నాడు. అంత జరిగినా, బ్రేకు సంగతి ఎవరికీ తెలీదు కదా, పట్టిందని చెప్పెయ్యొచ్చనే అనుకుంటూ కూర్చున్నాడట. మొండిఘటం!

బస్సు టాపు మీద సైకిలేసుకుని మర్నాటికి ఇల్లు చేరాడు. నేను ఆగలేక గుమ్మంలోనే అడిగాను.

"పట్టిందా?"

"పట్టింది."

"మరి మోకాలేటి?"

"రాయి తగిలింది."

అక్క అతని అరచేతుల్లో లేచిన బొబ్బలు చూసి, "పడుకో మావా, నూనె రాత్తాను" అంది. బావ మంచమ్మీద వాలి కళ్లు మూసుకున్నాడు. అక్క కొబ్బరినూనె గిన్నెతో పక్కన కూర్చుని, అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుని, ఒక్కో వేలికీ మెల్లిగా రాయసాగింది. నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. ఒక చెయ్యి అయిపోయింది, రెండోది అందుకుంది.

బావ కళ్లు తెరవకుండానే విసుక్కున్నాడు. "నూనె రాత్తానన్నావు, ఎటెల్లిపోనావే సీతాలూ?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అక్క మాత్రం చెయ్యి వదల్లేదు. "ఇక్కడే ఉన్నాను మావా" అంది.

బావ కళ్లు తెరిచాడు. అక్క ఒళ్లో ఉన్న తన చేతిని చాలాసేపు చూశాడు.

"పట్టనేదు సీతాలూ," అన్నాడు. "బ్రేకు పట్టనేదు."