చర్మం అదిరినంత మేర

మైదుకూరు దగ్గరి మా ఊళ్లో మా అత్తగారు కొత్తిల్లు కట్టించిన ఏడాదే నాకు తొలి బిడ్డ పుట్టింది. నాకు పాలు చాలలేదు. దొడ్లో అప్పుడే ఈనిన ఎర్రావు పాలు పట్టి ఆ బిడ్డను సాకాము. అందుకే ఆ ఆవు సంగతి రాసే ముందు ఒకసారి దండం పెట్టుకున్నాను.

కొత్తింట్లోకి ముందు ఆవూ దూడా అడుగు పెట్టాలి. ఆ తరువాతే మనుషులు. మా ఇళ్లలో అది ఆచారం. మా నడవంతా నల్ల కడప బండలు పరిచారు. కొత్త బండలకు నూనె రుద్దితే ముఖం కనబడేలా నిగనిగలాడతాయి. చుట్టాలు వస్తున్నారని ముందురోజు మా అత్తా, నేనూ, పనివాళ్లూ కూర్చుని చెనిక్కాయ నూనెలో గుడ్డ ముంచి బండలన్నీ రుద్దాము. తెల్లవారి దాని మీదే పసుపునీళ్లు చల్లారు. పనుల మీద తిరిగే మనుషులం కాలివేళ్లు నొక్కిపెట్టి మెల్లగా నడిచాము. గిట్టలకు వేళ్లుండవన్న సంగతి ఇంటినిండా ఉన్న రైతుల్లో ఒక్కరికీ తట్టలేదు.

ఆవు గడప దాటింది. వెనక కాళ్లు లోపల పెట్టగానే రెండూ చెరో పక్కకు జారిపోయాయి. బెదిరి వెనక్కి తిరగబోయి అట్లాగే కూలింది. నడుము సరిగ్గా రాతి గడప అంచు మీద పడింది. బయట సన్నాయివాళ్లకు తెలియక ఇంకా వాయిస్తూనే ఉన్నారు.

మా ఆయనా, పాలేర్లూ కలిసి దాని పొట్ట కింద గోనెపట్టాలు దూర్చి, రెండు పక్కలా వెదుళ్లకు కట్టి ఎత్తారు. ముందు సగం లేచింది. ముందుకాళ్లు ఊనుకుంది కూడా. వెనక సగం మాత్రం తడి బట్టలాగా వేలాడింది.

"తిన్న సంగటంతా యాడికి పోయిండాదప్పా మీకు? ఒక్క ఆవును ఎత్తలేకుండారే," అంది మా అత్త.

"మేం ఎత్తినాం పెద్దమ్మా. అది కాళ్లు ఊనల్ల కదా," అన్నాడు పెద్ద పాలేరు.

"కాళ్లు తిమ్మిరెక్కింటాయి. రోంతసేపుంటే అదే లేస్తాది."

రోంతసేపు కాదు, రాత్రయినా లేవలేదు. చెక్కపలక మీదికి జరిపి కొట్టంలోకి మోసుకుపోయారు.

మరునాడు పశువుల డాక్టరు సైకిలు మీద వచ్చాడు. ఆవు మెడ దగ్గర గొంతుకూర్చుని, సూది మొనతో వెన్నుకు పక్కగా గుచ్చుకుంటూ కొంచెం కొంచెంగా వెనక్కి జరిగాడు. గుచ్చిన చోటల్లా, ఈగ వాలినప్పుడు అదిరినట్టే చర్మం అదిరింది. మెడ పూసలు అయినాయి. పక్కటెముకలు పట్టుకుని ఉండే పూసలూ అయినాయి. చివరి పక్కటెముక దాటి నడుముకు వచ్చాక సూది గుచ్చినా చర్మం కదలలేదు. అక్కడి నుంచి తోకదాకా అంతే.

"ఆవు ఈడిదాకే ఉండాదమ్మా," అన్నాడాయన, అరచెయ్యి అక్కడ అడ్డంగా పెట్టి. "ఈడ్నించి ఎనక్కి ఉండేది దానికి తెలీదు."

"కట్టు కట్టు నాయనా," అంది మా అత్త.

"కాలెముకైతే కట్టేవాణ్ణి. ఇది ఎన్నుపూస. పూసల లోపల తాడు మాదిరి నరం పోతాది. అది నలిగిపోయిండాది. దానికి కట్టు లేదు."

"అయితే మందన్నా ఈయి."

డాక్టరు మా ఆయన వైపు చూసి గొంతు తగ్గించాడు. "నొప్పి తెలీకుండా పంపించే మందైతే ఉండాది."

మా అత్త చెవులు మూసుకుంది. "ఆ మాట ఈ ఇంట్లో అనగాకు. మజ్జిగ తాగి పోయిరా."

ఆయన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ఆవు ఒంట్లో ఒక్కో చోట ఒక్కో దేవత ఉంటుందనీ, తోక దగ్గర లక్ష్మి ఉంటుందనీ మా నాయన ఇంట్లో అక్షరాలతో పాటే నేర్పాడు. రోజూ పొద్దున్నే అక్కడ పసుపు కుంకుమ పెట్టి మొక్కేదాన్ని. నా చెయ్యి తగిలినట్టు ఆవుకు తెలిసేది కాదు. తరువాత చీపురుపుల్ల తీసుకుని, డాక్టరు చేసినట్టే మెడ నుంచి తాకుతూ వచ్చేదాన్ని. చర్మం అదరడం ఆగిన చోట కుంకుమతో చిన్న గీత. ఆ గీత ఒక్క వేలెడు వెనక్కి జరిపితే చాలు తల్లీ, తక్కినది నేనే నిదానంగా అడుక్కుంటాను అనేదాన్ని.

అన్నిటికన్నా దూడ దగ్గర చూడలేకపోయేవాళ్లం. దూడ పొదుగులో మూతి పెట్టి గుద్దుతూ ఉంటే, ఆవు ముందుకు చూస్తూ దూడ కోసమే అరిచేది. పాలు చేపేది కాదు. దూడను తెచ్చి ముఖం ముందు నిలబెడితే ఆత్రంగా నాకేది. అప్పుడు దిగేవి పాలు. అందులోనే నా బిడ్డకూ ఇంత పిండుకునేదాన్ని. లేవలేని ఆవు దగ్గర చెంబు పట్టుకుని కూర్చోవడానికి ప్రాణం ఒప్పేది కాదు. ఇంట్లో బిడ్డ ఏడుస్తుండేది. ప్రతి చెంబుకూ దాని పాదాలు తాకి లేచేదాన్ని.

పక్క మార్చి పడుకోబెడుతున్నా తుంటి దగ్గర పుండు పడింది. కండ తగ్గేకొద్దీ వెన్ను పూస పూసా పైకి తేలింది. ఒక పొద్దున గీతకు వెనకవైపు, తొడ మీద చర్మం కదిలింది. నేను కేకేశాను.

"అత్తా, ఈడ అదురుతాండాది సూడు."

మా అత్త కొంగు నడుముకు దోపుకుంటూ పరుగున వచ్చింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాము. మళ్లీ కదిలింది. మా అత్త వంగి అవతలికి తొంగి చూసి, "దూడ గుద్దుతాండాది లేమ్మా," అంది. నన్ను తిట్టలేదు. నా భుజం పట్టుకుని అట్లాగే నిలబడింది.

తరువాత ఆవు మేత ముట్టడం మానేసింది. చిట్టు కలిపిన కుడితి పెట్టినా మూతి తిప్పుకుంది. ఆ మధ్యాహ్నం మా అత్త కొడుకు ముఖం చూడకుండా, "ఆ డాక్టరును పిల్చుకొని రాప్పా," అంది. ఎందుకో చెప్పలేదు. మా ఆయనా అడగలేదు. బండి కట్టుకుని మైదుకూరు పోయి, పొద్దు గూకేవేళకు ఒక్కడే తిరిగొచ్చాడు.

"పల్లెల మీదికి క్యాంపు పోయినాడంట."

"ఎప్పుడొస్తాడంట?"

"తెలీదంటమ్మా."

ముగ్గురం కొట్టంలోనే కూర్చున్నాము. మరునాటికి ఆవు పోయింది. ఆ సాయంత్రం మాత్రం ఇంకా ఉంది. లేపమని మొక్కుకోలేకపోయాను. తీసుకుపొమ్మనడానికి నోరు రాలేదు. ఇన్నాళ్లూ నా బిడ్డ కడుపు నింపినావు తల్లీ అని మాత్రం అనుకున్నాను.

దూడను విప్పి తెచ్చాను. ఆవు మెడ ఎత్తలేకపోయింది, నాలుక మాత్రం బయటపెట్టింది. దూడ పాల కోసం వెనక్కి లాగుతోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని దూడ మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, ఆ నాలుకకు అందేంత దగ్గర పట్టుకున్నాను. ఆవు నాకినంతసేపూ వదలలేదు.