పెద్దల్లుడు బిగించిన సీటు

ఆ ఇంటి అల్లుళ్ళిద్దరిలో పెద్దల్లుడు పొట్టి, చిన్నల్లుడు పొడుగు. దీని మీద అత్తవారింట్లో ఆడిన పరాచికాలకు అంతు లేదు. గ్రూప్ ఫొటో తీసేటప్పుడల్లా ఫొటోగ్రాఫరు పెద్దల్లుణ్ణి ముందుకు రమ్మని, చిన్నల్లుణ్ణి వెనక్కి పొమ్మనేవాడు. అటక మీద సామాను దించాలంటే అత్తగారు చిన్నల్లుడు వచ్చేదాకా ఆగేది. పెద్దల్లుడు స్టూలు తెచ్చుకుంటానన్నా, మీకెందుకు నాయనా శ్రమ అనేది. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండిపోయేది.

ఒళ్ళు మండడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. పెద్దల్లుడు బస్సుల గ్యారేజీలో బ్రేకుల సెక్షను మెకానిక్కు. చిన్నల్లుడు పళ్ళ డాక్టరు. పోనీ ఆ డాక్టరుకి కాస్త పొగరుంటే తిట్టుకుని ఊరుకోవచ్చు. అదీ లేదు. ఎదురుపడితే చాలు "అన్నయ్యా" అంటూ భుజం మీద చెయ్యి వేస్తాడు, వెళ్ళేటప్పుడు వదినగారి వంట మెచ్చుకుని మరీ వెళతాడు. మంచివాణ్ణి చూసి కుళ్ళుకోవడమంత కష్టం ఇంకొకటి లేదు, ఆ కుళ్ళు ఎవరికీ చెప్పుకోలేం కూడా. పెద్దల్లుడు దాన్ని అసూయ అని ఒప్పుకోడు. తోడల్లుడి పద్ధతి తనకు నచ్చదని మాత్రం అంటాడు. ఏ పద్ధతి అని పెళ్ళాం అడిగితే పేపరు తిరగేస్తాడు.

ఇలా ఏళ్ళ తరబడి నివురుగప్పి ఉన్నది ఒక కారు దగ్గర భగ్గుమంది.

గ్యారేజీకి వెళ్ళే దారిలో వయొలిన్లు, హార్మోనియాలు అమ్మే ముసలాయన దుకాణం ఉండేది. దుకాణం పక్క రేకుల షెడ్డులో రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఒకటి, గుడ్డ టాపు కప్పుకుని ఉండేది. టాపు వెనక్కి మడిస్తే కారు మొత్తం ఆకాశానికి తెరుచుకునేది. ముదురు ఆకుపచ్చ రంగు అక్కడక్కడా పొక్కింది, వెనక ప్లాస్టిక్ అద్దం పసుపు తిరిగింది. అయినా పెద్దల్లుడి కంటికి అంత అందమైన వస్తువు ఆ ఊళ్ళో మరొకటి లేదు. డ్యూటీ దిగి వస్తూ ఆగి టైర్లలో గాలి చూసేవాడు, బ్యాటరీ తుడిచేవాడు. ఎప్పటికైనా దీన్ని తెలిసినవాడికే ఇస్తానని ముసలాయన అంటుండేవాడు. ఆ తెలిసినవాడు తానేనని పెద్దల్లుడు మనసులో ఖాయం చేసుకున్నాడు. ఖాయం చేసుకున్నాడే గాని నోరు తెరిచి నాకివ్వండి అని ఎన్నడూ అడగలేదు. అడగడం అతని ఒంట్లో లేదు. అన్నం తక్కువైనా రెండోసారి వడ్డించమని అడగని మనిషి.

ఒకసారి అత్తవారింట్లో భోజనాల దగ్గర మాటల్లో మాటగా ఆ కారు సంగతి వచ్చింది. తెచ్చింది పెద్దల్లుడే. మామూలుగా నోరు మెదపనివాడు ఆరోజు ఇంజను చప్పుడు దగ్గర్నుంచి తలుపు మూసుకునే తీరు దాకా పొగుడుతూ పోయాడు. చిన్నల్లుడు తినడం ఆపి విన్నాడు. అప్పుడైనా పెద్దల్లుడికి అనుమానం రావలసింది, రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే అతని ఇంటి ముందు హారన్ మోగింది. బయటికొచ్చి చూస్తే అదే కారు, టాపు దించి ఉంది. మోకాళ్ళు స్టీరింగుకి అటూ ఇటూ ఇరికించుకుని చిన్నల్లుడు లోపల కూర్చుని నవ్వుతున్నాడు. ముసలాయన దుకాణం ఎత్తేస్తున్నాడట. అన్నయ్య అంతగా చెప్పాక ఇంకొకరి చేతిలో ఎందుకు పడాలని కొనేశాడట.

ఆ రాత్రి పెద్దల్లుడు సగం అన్నం వదిలేసి లేచాడు. పరాయివాడు కొనుక్కున్నా అంత బాధ ఉండేది కాదు. తన నోటితో తానే దారి చూపించి పంపాడు.

పుండు మీద కారం చల్లినట్టు, దాన్ని బాగుచేసే పని కూడా అతనికే వచ్చింది. చిన్నల్లుడికి పెద్ద ఆలోచనే ఉంది. రోజూ ఆ కారులోనే క్లినిక్కుకి వెళ్ళాలి. వానొస్తే తడవకూడదు, సిగ్నల్ దగ్గర మొండికెయ్యకూడదు. అదే కారు సెలవు రోజున ఊరి బయట రేసు ట్రాకు మీద పరుగెత్తాలి. ఆ ట్రాకులో కొన్ని సెలవు రోజుల్లో మామూలు జనం కూడా సొంత కార్లు తెచ్చుకుని తిప్పుకోవచ్చు. ఇది నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యలేరన్నయ్యా అన్నాడు. కుదరదని చెబుదామనే పెద్దల్లుడు నోరు తెరిచాడు. ఇంకో మెకానిక్కు చెయ్యి దాని మీద పడడం ఊహించుకుని, సరే, షెడ్డులో పెట్టు అన్నాడు.

ఇంటి వెనక షెడ్డులో పని మొదలైంది. గ్యారేజీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని అక్కడికే పోయేవాడు. తుప్పు పట్టిన అడుగు రేకు కోసి కొత్తది అతికించాడు. వేడెక్కి ఆగిపోకుండా రేడియేటరు పెద్దది వేశాడు. బ్రేకుల దగ్గర మాత్రం చాలా మథనపడ్డాడు. రేసుకి వాడే ప్యాడ్లు వేడెక్కితేగాని పట్టవు, పొద్దున్నే చల్లటి కారుతో బయల్దేరితే మొదటి సిగ్నల్ దగ్గరే ముందువాడి డిక్కీలోకి దూరుతుంది. మామూలు ప్యాడ్లు ట్రాకు మీద నాలుగు మలుపులకే పొగలు కక్కుతాయి. రెంటికీ మధ్య రకం వెతికి తెచ్చాడు. స్ప్రింగులూ అంతే. మరీ గట్టివి వేస్తే స్పీడ్ బ్రేకర్ల మీద పళ్ళ డాక్టరుకే పళ్ళు రాలిపోతాయని పెళ్ళాంతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతనికి బాగా నవ్వొచ్చింది, ఆమెకి అంత రాలేదు.

చిన్నల్లుడు క్లినిక్ మూశాక ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని వచ్చేవాడు. షెడ్డు గుమ్మం తలకి తగలకుండా వంగి నిలబడి చూసేవాడు. ఒకసారి కూర్చుని చూడనా అన్నయ్యా అని అడిగేవాడు. ఒకరోజు జిగురు ఆరలేదు అన్నాడు పెద్దల్లుడు. ఇంకోరోజు వైర్లు బయటికున్నాయి అన్నాడు. మరోరోజు ఏ సాకూ దొరక్క, ఇప్పుడొద్దు అని ఊరుకున్నాడు. జిగురు ఎప్పుడో ఆరిపోయింది. ఆ కారులో ఇంకొకడు కూర్చోవడం కళ్ళారా చూడలేడు, అంతే. చిన్నల్లుడు మాత్రం పని తెలిసినవాడు చెప్పాడు గదా అని బుద్ధిగా కాఫీ పోసి ఇచ్చి వెళ్ళిపోయేవాడు.

వెనక్కి మడిచే టాపు ఉన్న కారు బోల్తా పడితే మనిషి తలకి అడ్డం ఏమీ ఉండదు. అందుకని సీటు వెనక లావుపాటి ఇనుప గొట్టాన్ని కమానులా వంచి బిగిస్తారు, దాన్నే రోల్ బార్ అంటారు. పెద్దల్లుడు దాన్ని బిగించి, తల తగిలే చోట మెత్త చుట్టాడు. తర్వాత సీటు. పాత సీటు తీసేసి, మలుపుల్లో మనిషిని గట్టిగా పట్టుకునే డొప్పలాంటి సీటు తెచ్చాడు. అది ముందుకీ వెనక్కీ జరగదు, ఒకసారి బిగిస్తే బిగించినట్టే. నేల మీద పెట్టి కూర్చుంటే బానెట్టు కనపడలేదు. దాని కింద ఇనుప కాళ్ళు చేసి ఎత్తు పెంచాడు. పెడళ్ళు హాయిగా అందేదాకా ముందుకి జరిపాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఇప్పుడు బానెట్టు మొత్తం, దాని ముందు గోడా కనపడ్డాయి, మోచేతులు సరిగ్గా వంగాయి, గేరు రాడ్డు దానంతటదే చేతిలోకి వచ్చింది. బోల్టులు కసిగా బిగించాడు.

ఆ రోజుల్లో అతను పనైపోయాక కూడా ఆ సీట్లోంచి లేచేవాడు కాదు. లైటు వేసుకుని, స్టీరింగు పట్టుకుని, గోడని చూస్తూ కూర్చునేవాడు. అన్నానికి పిలవడానికి వచ్చిన పెళ్ళాం ఒకరోజు గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమండీ, ఈ కారు ఎవరికి చేస్తున్నారు?"

"ఇంకెవరికి? నీ చెల్లెలి మొగుడికి."

"ఆహా," అని మాత్రం అని వెళ్ళిపోయింది. పాతికేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి. ఆమెకి సంగతి తెలిసిపోయింది, అతనికే ఇంకా తెలియలేదు.

ట్రాకుకి వెళ్ళే రోజు రానే వచ్చింది. పరీక్ష అయ్యేదాకా నేనే నడుపుతానని పెద్దల్లుడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. చిన్నల్లుడు మారుమాట లేకుండా పక్క సీట్లో ఒదిగాడు. టాపు దించుకుని వెళుతుంటే బస్ స్టాపుల్లో జనం తలలు తిప్పి చూశారు. వాళ్ళు తననే కారు యజమాని అనుకుంటున్నారని పెద్దల్లుడికి తెలుసు. దారి ఇంకాస్త పొడుగుంటే బాగుండునని అనిపించింది.

ట్రాకు గేటు లోపల తనిఖీ చేసే ఆవిడ ఉంది. ప్రతి కారునీ వంగి, లేచి చూస్తోంది. బ్రేకులు చూసి బాగున్నాయంది. రోల్ బార్ని పట్టి ఊపి చూసి తలాడించింది. ఇక నడిపే ఆయన హెల్మెట్ పెట్టుకుని కూర్చోవాలంది. చిన్నల్లుడు ఆ సీట్లోకి దిగడం అదే మొదటిసారి. దిగడం అనకూడదు, ఎక్కాడు. మోకాళ్ళు స్టీరింగు కింద ఇరుక్కుపోయి పెడలు తొక్కడానికి పాదం తిరగలేదు. ఆవిడ ఒక తిన్నటి కర్ర తీసి, ఒక కొస రోల్ బార్ మీద, ఇంకో కొస ముందు అద్దం ఫ్రేము మీద ఆనించబోయింది. కర్ర ఆనలేదు. చిన్నల్లుడి హెల్మెట్ దానికి అడ్డంగా పైకి లేచి ఉంది. తల ఈ కర్రకి కిందుగా లేకపోతే బోల్తా పడినప్పుడు ఇంత ఇనుమూ దండగని, ఈయన్ని పంపించడం కుదరదని ఆవిడ చెప్పేసింది. తర్వాత సీటు కిందికి వంగి చూసింది. ఆ ఎత్తుకాళ్ళను వేలితో తట్టింది.

"ఈ సీటు ఎవరి కొలతకి బిగించారు?"

పెద్దల్లుడు నేల చూశాడు. చేసిన తప్పు అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. మనిషి కొలత తీసుకోకుండా సీటు బిగించాడు. మనిషి కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడి కూర్చోనా అని అడుగుతుంటే, కూర్చోనివ్వకుండా బిగించాడు. చిన్నల్లుడు ఆ ఇనుప కాళ్ళ వంక చూశాడు, తోడల్లుడి వంక చూశాడు, మెల్లగా హెల్మెట్ తీశాడు. అతనికి సంగతి అర్థమైందని చూస్తేనే తెలుస్తోంది. ఇంత దూరం వచ్చాం, నువ్వు వెళ్ళిరా అన్నయ్యా అన్నాడు.

మర్యాదకైనా వద్దనాలి. పెద్దల్లుడు అనలేదు. హెల్మెట్ అందుకున్నాడు. అతను కూర్చుంటే కర్ర చక్కగా ఆనింది.

ఆ తర్వాతి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. మొదటి మలుపులోనే అతను సిగ్గు మరిచిపోయాడు. బ్రేకు తొక్కిన చోట పట్టింది, స్టీరింగు తిప్పిన వైపుకి కారు మారుమాట లేకుండా తిరిగింది, గాలి చొక్కా చేతుల్లో దూరి కొట్టుకుంది. జీవితమంతా ఇతరులు నడిపే బస్సుల కింద పడుకుని పనిచేసినవాడు మొదటిసారి తన చేతిపని మీద తానే కూర్చుని పరుగెత్తాడు. హెల్మెట్ లోపల గట్టిగా నవ్వాడు. అంత సంతోషం అతనికి మళ్ళీ దొరకలేదు.

తిరిగి వస్తూ కంచె పక్కన నిలబడ్డ చిన్నల్లుణ్ణి చూశాడు. చేతులు కట్టుకుని, పెదవులు బిగించి, కారునే చూస్తున్నాడు. ఆ ముఖం పెద్దల్లుడికి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ అత్తవారింటి నుంచి వచ్చి గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసుకున్న ముఖమే అది. ఈ రోజు కోసమే తను ఇంతకాలం కాచుకున్నట్టు ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం కంచె వైపు చూడలేక చూపు తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడూ పెద్దల్లుడే నడిపాడు. ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చిన్నల్లుడే అన్నాడు.

"ఇది నీకు కావాలని ఒక్క మాట అంటే నేను కొనేవాణ్ణా అన్నయ్యా?"

"అనలేదుగా."

"ఇప్పుడైనా అను."

లైటు ఆకుపచ్చకి మారింది. వెనకవాడు హారన్ కొట్టాడు. అడిగితే ఇచ్చేస్తాడు, పెద్దల్లుడికి అందులో అనుమానం లేదు. కానీ ఆ ఇచ్చిన కారు ఎక్కిన ప్రతిసారీ ఇచ్చినవాడి మంచితనం పక్క సీట్లో కూర్చుని ఉంటుంది. దానికంటే ఓర్వలేక చావడమే నయం. అతను గేరు వేశాడు.

"రేపు సాయంత్రం షెడ్డుకి రా. నువ్వు లేకపోతే కొలత కుదరదు."

మర్నాడు చిన్నల్లుడు వచ్చాడు. పెద్దల్లుడు ఇనుప కాళ్ళు కోసి పారేశాడు. సీటుని నేలకి ఆనించి, వెనక్కి వెళ్ళినంత వెనక్కి జరిపి, తోడల్లుణ్ణి అందులో కూర్చోమన్నాడు. లేవమన్నాడు, మళ్ళీ కూర్చోమన్నాడు. పెళ్ళాం నేల తుడిచే కర్ర తెచ్చి ఇస్తే రోల్ బార్ మీద ఆనించి చూశాడు. హెల్మెట్ కిందికి దిగింది, మోకాళ్ళు విడివడ్డాయి. అక్కడే నేలకి కొత్త రంధ్రాలు వేశాడు. చిన్నల్లుడు టార్చి పట్టుకుని నిలబడ్డాడు. బోల్టులు బిగించడం అయ్యాక, చేతులు కడుక్కొస్తానని చిన్నల్లుడు ఇంట్లోకి వెళ్ళాడు.

షెడ్డులో పెద్దల్లుడు ఒక్కడే మిగిలాడు. తలుపు తీసి సీట్లోకి దిగాడు. స్టీరింగు గడ్డం దాకా వచ్చింది. ముందు అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడ కనపడలేదు, పైనున్న రేకులు కనపడ్డాయి. కాలు చాపాడు. బూటు కొస క్లచ్ దాకా పోలేదు. ఇంకొంచెం జారి చాపాడు, అయినా అందలేదు.

పెళ్ళాం గుమ్మంలోకి వచ్చి సీటు కుదిరిందా అని అడిగింది. సరిగ్గా కుదిరిందని చెప్పి, తలుపు అంచు పట్టుకుని పైకి లేచాడు.

అసూయ పోయిందా అంటే పోలేదు. రోజూ పొద్దున పళ్ళ డాక్టరు వీధి చివర మలుపు తిరుగుతాడు. ఇంట్లో టిఫిను తింటున్న పెద్దల్లుడు చెయ్యి ఆపి ఆ చప్పుడు వింటాడు. గేరు ఆలస్యంగా మారుస్తున్నాడని పెళ్ళాంతో అంటాడు. ఆ మాట అతనికే చెప్పొచ్చుగా అంటుంది ఆమె.