మూఢంలో అప్‌డేటా?

మా మాచర్ల లారీ ఓనర్ల సంఘానికి కంప్యూటర్ ఇన్‌ఛార్జి కోటేశ్వర్. నాపరాయి లోడ్లకు ఏ లారీ వంతు ఎప్పుడో చెప్పే సీరియల్ ఆన్‌లైన్‌కు మారినప్పటి నుంచి అతని నడకే మారిపోయింది. ఆఫీసు మూలనున్న సర్వర్ పెట్టెకు రోజూ అగరొత్తి వెలిగిస్తాడు. దాని మీద దుమ్ము మాత్రం తుడవడు.

మూఢం మొదలయ్యాక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. లాగిన్ చూసే భాగంలో పెద్ద లోపం దొరికిందనీ, పాస్‌వర్డ్ తెలియకపోయినా ఎవరి పేరుతోనైనా లోపలికి దూరవచ్చనీ, వెంటనే అప్‌డేట్ చేయమనీ అందులో ఉంది. కోటేశ్వర్ శ్రద్ధగా చదివి, పంచాంగం తీశాడు. మూఢంలో పెళ్ళిళ్ళు చేయరు, కొత్త ఇంట్లో చేరరు. సర్వర్‌కు కూడా శుక్రుడు కనపడాలని కనిపెట్టిన మహానుభావుడు ఇతనొక్కడే. మంచిరోజు చూసి చేద్దాంలెమ్మని మెయిలు మూసేశాడు.

ఆ తర్వాతే షంషాద్ లారీ సీరియల్ రద్దయింది. భర్త పోయాక ఆ ఒక్క బండితోనే ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. రద్దు చేసింది ఆమె లాగిన్‌తోనేనని కంప్యూటర్ చూపించింది. మళ్ళీ వరుసలో చేరింది. మళ్ళీ రద్దయింది.

"పాస్‌వర్డ్ ఎవరికో చెప్పుంటావక్కా," అన్నాడు కోటేశ్వర్.

"నా కూతురు షబ్నానికే చెప్పలా. నీ పెట్టెలోనే ఏందో ఉంది, చూడు."

"పెట్టెను అనమాక."

మెయిలు సంగతి నోట రాలేదు. చెబితే తన పరువు పోతుంది మరి. ఎదుటి మనిషి కూడు పోయినా ఫర్వాలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

లోడు లేని బండిని పట్టుకుని ఏ డ్రైవరైనా ఎన్నాళ్ళుంటాడు? షంషాద్ డ్రైవరు బెంజిమిన్ వేరే లారీ ఎక్కేశాడు. ఈలోగా, సీరియల్‌తో ఆటలాడుతోందంటూ షంషాద్ బండిని సంఘం నుంచి తీసేయడానికి మీటింగు పెట్టారు.

కోటేశ్వర్ లేచి నిలబడ్డాడు. "మన సిస్టంలో ఎవరి పేరుతో పని జరిగితే వాళ్ళు చేసినట్టే. వేరేవాడు దూరే సందే లేదు," అని అందరికీ కనపడేలా టీవీలో జాబితా పెట్టాడు. ప్రెసిడెంటు గంగయ్య అందులో తన బండి వెతుక్కున్నాడు. ఆ ఉదయమే అదీ రద్దయింది. రద్దు చేసినవారు అన్నచోట కోటేశ్వర్ పేరుంది.

"ఒరేయ్, నా బండినెందుకు కొట్టేశావురా?"

"నేను కాదు బాబాయ్."

"వేరేవాడు దూరడని ఇప్పుడేగా అంటివి."

దొంగ అనిపించుకోవాలా, దద్దమ్మ అనిపించుకోవాలా? కోటేశ్వర్ రెండోదానికే సిద్ధపడి మెయిలు తెరిచాడు. మూఢం సంగతి నసుగుతూ చెప్పాడు. కన్నంలోంచి దూరిందెవరో ఇప్పటికీ తెలియదు.

షంషాద్ కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది. "ఇప్పుడు చెయ్యి. నేను చూస్తా."

గ్లాసులో టీ చల్లారకముందే అప్‌డేట్ అయిపోయింది.

బండిని తీసేసే మాట ఎవరూ ఎత్తలేదు. కోటేశ్వర్ వరమిస్తున్న దేవుడిలా ఆమె లారీని జాబితాలో అందరికన్నా పైన పెట్టాడు.

"రేపు మొదటి లోడు నీదే అక్కా."

"బండి ఎవరు నడుపుతారు?" అంది షంషాద్. "నీ మూఢమా?"