పోశెట్టి నడుం వంగే బండి

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది వానాకాలంలో, మోస్రా దగ్గరి రైతు పోశెట్టి బోధన్‌లోని నా వర్క్‌షాపుకు వచ్చి, కూర్చోకుండానే ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. అందులో ఏదో దేశపు అడవిలో ఒక బండి దుంగలు మోస్తోంది. మలుపు వస్తే దాని చక్రాలు తిరగడం లేదు, బండే మధ్యలో వంగుతోంది.

"నడుము కాడ వంగుతది సూడన్నా. గిసొంటిది నాకు చేసియ్యాలె" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లుగా ట్రాలీలు చేస్తున్నవాణ్ని. ఈ చుట్టుపక్కల చెరుకు మోసే ట్రాలీల్లో నా వెల్డింగ్ లేనివి తక్కువని చెప్పుకునే అలవాటు కూడా ఉంది. చేతకాదనడానికి నోరు రాలేదు. "గదెంత పని" అన్నాను. ఆ రెండు ముక్కల పుణ్యమా అని తర్వాత నాలుగు నెలలు నాకు సరిగా నిద్ర లేదు.

ఇలాంటి దాన్ని ఆర్టిక్యులేటెడ్ వెహికిల్ అంటారు. ముందు సగంలో ఇంజను, సీటు. వెనక సగంలో సరుకు. రెంటినీ కలిపే కీలు. కీలుకు చెరోవైపు ఒక హైడ్రాలిక్ సిలిండర్, అంటే ఆయిల్ ఒత్తిడితో సాగి ముడుచుకునే ఉక్కు గొట్టం, ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే ఒకటి సాగి, రెండోది ముడుచుకుని బండి వంగుతుంది. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది కాబట్టి బురదలో అంత తేలిగ్గా దిగబడదు. మన వైపు ఇలాంటిది కొందామన్నా దొరకదు. నిజామాబాద్ తుక్కు దుకాణాలు గాలించి రెండు పాత ట్రాక్టర్ల ఆక్సిళ్లు తెచ్చాను. కీలు మూడుసార్లు చేసి, మూడుసార్లు నేనే కోసేశాను. నాలుగోది నిలిచింది.

పోశెట్టిది పల్లపు చేను, నల్లరేగడి. బండి ఇంకా పూర్తికాకముందే చెరుకు కోతకు వచ్చింది. మహారాష్ట్ర కూలీలు వచ్చి రెండు రోజుల్లో అంతా నరికేశారు. మూడో రోజు అకాల వర్షం. ట్రాక్టర్ చేనులో కాలు పెట్టలేదు. నరికిన చెరుకు పడి ఉంటే బరువూ పోతుంది, తీపీ పోతుంది. ఆలస్యమైతే ఫ్యాక్టరీ గేటు దగ్గరే వెనక్కి తిప్పుతారు. పోశెట్టి ఫోన్‌లో ఏడుపు గొంతుతో అన్నాడు: "ఏడాది కష్టం బురదల పన్నదన్నా. నువ్వు గిట్లనే రేపు మాపు అంటే నేను ఆగమైత."

ఆదరాబాదరాగా సిలిండర్లకు ఆయిల్ పైపులు బిగించి, షెడ్డులో ముందుకీ వెనక్కీ నడిపి చూసి, బండిని లారీ ఎక్కించాను. వంచి చూసే తీరిక లేదు.

చేను దగ్గర సగం ఊరు ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. పోశెట్టి భార్య రాజవ్వ హారతి ఇచ్చింది. చేసినవాణ్ని కదా, ముందు నేనే ఎక్కాను. చేలోకి దారి ఎడమకు ఉంది. ఎడమకు తిప్పాను. బండి ఎంతో మర్యాదగా కుడికి వంగి కాలువ గట్టెక్కింది. రాజవ్వ హారతి పళ్లెంతో సహా పక్కకు దూకింది.

"కొత్త బండి గదా, ఆయిల్ సర్దుకోవాలె" అన్నాను. నా మాట నేనే నమ్మలేదు.

పోశెట్టి బావమరిది గంగారాం ముందుకొచ్చాడు. ఊళ్లో పేరున్న డ్రైవరు. "దిగన్నా, బండి ఎట్ల నడపాల్నో నేను సూపిస్త" అని ఎక్కి, నేరుగా పక్కవాళ్ల వరి నారుమడిలో దింపాడు.

అప్పటికి నాకు అర్థమైంది. నేను బండికి ఎదురుగా నిలబడి పైపులు బిగించాను. నా ఎడమ దానికి కుడి అవుతుందన్న ఇంగితం ముప్పై ఏళ్ల అనుభవానికి తట్టలేదు. అంతమంది ముందు ఎలా చెప్పాలా అని నేను గొంతు సవరించుకుంటుండగానే పోశెట్టి సీటెక్కాడు. బండిని నారుమడిలోంచి తీశాడు, చేలోకి తిప్పాడు, చెరుకు నింపించాడు, రోడ్డు మీదికి తెచ్చి ఆపాడు. ఎక్కడా తడబడలేదు.

"నీకెట్ల వచ్చిందిరా?" అని అడిగాను.

"ట్రాలీ ఎనుకకు పెట్టేటప్పుడు గిట్లనే గదన్నా తిప్పుడు" అన్నాడు.

నిజమే. ట్రాలీని వెనక్కి నడిపేటప్పుడు అది ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. పోశెట్టి ఫ్యాక్టరీ యార్డులో ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని అది. అతని చేతులకు నా తప్పే దగ్గరి చుట్టం.

మూడు రోజుల్లో చెరుకంతా రోడ్డెక్కింది. ఆఖరి మోపు లారీలో పడినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అప్పుడు నిజం ఒప్పుకున్నాను. పావుగంట పని, సరిచేసి ఇస్తానన్నాను.

రాజవ్వ అడ్డంపడింది. "ముట్టకన్నా. మా ట్రాక్టర్ ఒక్క దినం మా వాకిట్ల నిలువది. పొద్దుగాల ఒకలు, పొద్దుమీకి ఒకలు అడిగి కొంటవోతరు. గీ ఉల్టా తిరిగే బండినయితే ఎవ్వలు అడుగరు."

కాళ్లకంటిన బురద కడుక్కుంటున్న గంగారాం తల ఎత్తలేదు.

పోయినేడు పంపు సీలు పోయిందని ఆ బండి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. సీలు మార్చాను. ఆ తప్పు ఇన్నాళ్లూ నా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. పనిలో పనిగా పైపులు కూడా అటువి ఇటు, ఇటువి అటు మార్చి, సీట్లో కూర్చుని సరిచూసుకున్నాను. పోశెట్టికి చెప్పలేదు, సంతోషపెడదామనుకున్నాను. అతను స్టార్ట్ చేసి గేటు వైపు తిప్పాడు. బండి నా కంప్రెసర్‌ను తోసుకుంటూ వెళ్లి గోడకు ఆనింది.

పోశెట్టి దిగాడు. బండిని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"మంచిగున్న బండిని ఖరాబ్ జేసినవ్ గదన్నా."

బండి సరిగ్గా ఉందో లేదో నడిపేవాడి చేతులను అడిగి తెలుసుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. బండికి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నా ఎడమ దాని కుడి అని రెండుసార్లు సరిచూసుకుని, పైపులు జాగ్రత్తగా తప్పు బిగించి పంపించాను.