చెలకల సన్నగీత

ఇయ్యాల మనవడు ఫోన్ల మ్యాపు తీసి, మా ఊరు లక్డారం కాడ లావు పసుపు గీత చూపెట్టి "అవ్వా, ఇది రోడ్డు" అన్నడు. నాకు ఒళ్లు మండింది.

మన ఈడోళ్లకు యాదుంటది, కంపెనీలకు రోడ్డేస్తమని సర్వేయరు ఘాటు వాసనొచ్చే నీలం నక్షా తెచ్చి అరుగు మీద పరుస్తుండె. మా బాపుకు చదువు రాదు. "సూడు బిడ్డా, మన చెలకల ఎంత భూమి పోతది?" అని నన్నడిగిండు. లావు గీత పెద్దరోడ్డు, సన్నగీత కాలిబాట అని బడిల చెప్పిన్రు నాకు. "వెంట్రుకంత గీతనే బాపూ, కాలిబాటంత పోతది" అన్న. సర్వేయరు పక్కనే ఉన్నడు, విన్నడు, సిరాడబ్బి బాపు ముందటికి జరిపిండు. బాపు వేలిముద్ర ఏసిండు.

సగం చెలక తారు కింద పోయింది.

గా రోడ్డునే ఇప్పుడు గింత లావు గీసిన్రు. మీరే చెప్పున్రి, బాపు పోయినంక గీస్తే ఎవలికి కావాలె?